ఇటుక పొయ్యి

పాఠ్యభాగ పరిచయం

వంట అనగానే మనకు మంట గుర్తుకు వస్తుంది. మంట ఆరితే వంట ఆగిపోతుందని అనుకుంటాం. అయితే మంట ఆరిన తరువాత కూడా గంటల తరబడి వంట చేయగల పొయ్యి ఒకటి ఉంది. అదే ఇటుకలతో గుమ్మటం ఆకారంలో కట్టే పొయ్యి. ఇటలీ దేశపు నేపుల్స్ నగరంలో పిజ్జాలు కాల్చేది ఇందులోనే. పాశ్చాత్య దేశాలలో ఎందరో ఇటువంటి పొయ్యిని తమ పెరటిలో తామే కట్టుకుంటున్నారు. దాని చరిత్రను, నిర్మాణ విధానాన్ని, ఆ నిర్మాణం వెనుక ఉన్న శాస్త్రాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవుడు నిప్పును వశం చేసుకున్న తరువాత చాలాకాలం ఆహారాన్ని నేరుగా మంటపైనే కాల్చుకున్నాడు. మంటపై కాల్చిన పదార్థం పైన మాడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. ఈ ఇబ్బందిని తప్పించడానికి అతడు కనుగొన్న ఉపాయాలలో గొప్పది వేడిని ఒకచోట దాచిపెట్టడం. రాయి, మన్ను, ఇటుక వంటి పదార్థాలు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతాయి. వాటితో ఒక గది కట్టి, అందులో మంట వేసి, గోడలు బాగా కాగిన తరువాత అందులో పిండిముద్దను ఉంచితే అది అన్ని వైపుల నుండి సమంగా కాలుతుంది. ఈ ఆలోచన నుండే రొట్టె పొయ్యి పుట్టింది.

ఈ పొయ్యి ఎంత పాతదో తెలుసుకోవడానికి ఇటలీలోని పోంపేయి నగర శిథిలాలు చక్కని సాక్ష్యం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై ఆ నగరాన్ని బూడిదతో కప్పివేసింది. 1862లో జరిగిన తవ్వకాలలో అక్కడి ఒక రొట్టెల దుకాణపు పొయ్యిలో 81 రొట్టెలు బయటపడ్డాయి. అవి బొగ్గుగా మారినా ఆకారం చెడలేదు. కాల్చినవాడు వాటిని బయటకు తీయలేకపోయాడు. ఆ నగరంలోని పొయ్యిలను చూసినవారికి నేటి నేపుల్స్ పొయ్యి కొత్తగా కనిపించదు. ఇటుకల గుమ్మటం, చదునైన నేల, ముందువైపు ఒకే ద్వారం అనే అమరిక రెండింటిలోనూ కనిపిస్తుంది.

2023లో అదే పోంపేయిలో ఒక గోడచిత్రం వెలుగు చూసింది. అందులో ఒక పళ్లెంపై పలుచని రొట్టె, దానిపై పండ్లు ఉన్నాయి. చాలామంది దానిని పిజ్జా అని భావించారు. కాని పురావస్తు శాస్త్రజ్ఞులు అది పిజ్జా కాదని స్పష్టం చేశారు. నేటి పిజ్జాకు ముఖ్యమైన టమాటా అమెరికా ఖండానికి చెందిన పంట. అది ఐరోపాకు చేరింది పదహారవ శతాబ్దంలో. దీనిని బట్టి పిజ్జా కంటే దానిని కాల్చే పొయ్యి ఎంతో పాతదని గ్రహించవచ్చు.

పొయ్యి ఎవరిది?

పొయ్యి చరిత్రలో వంటకు మించిన విషయం ఒకటి ఉంది. పెద్ద ఇటుక పొయ్యిని కట్టడానికి, కాగబెట్టడానికి ఖర్చు ఎక్కువ. అందువల్ల మధ్యయుగాలలో ఫ్రాన్సు వంటి దేశాలలో ఊరికి ఒకే పొయ్యి ఉండేది. అది సాధారణంగా జమీందారు సొత్తు. రైతులు తమ పిండిని అక్కడికే తీసుకువెళ్లి, రుసుము చెల్లించి రొట్టెలు కాల్పించుకోవాలి. ఇంటి వద్ద సొంత పొయ్యి పెట్టుకోవడం అనేకచోట్ల నేరం. తన చేలో పండిన గోధుమతో తాను చేసుకున్న పిండిని కాల్చుకోవడానికి కూడా మనిషి మరొకరికి కప్పం కట్టవలసి వచ్చింది. 1789లో మొదలైన ఫ్రెంచి విప్లవం ఈ హక్కులను రద్దు చేసింది.

ఫ్రెంచివారు వలస వెళ్లిన కెనడాలోని క్యుబెక్ ప్రాంతంలో పరిస్థితి వేరుగా ఉండేది. అక్కడ ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, చలికాలం తీవ్రంగా ఉంటుంది. పిండిముద్దను మంచులో మోసుకుని వేరొకచోటికి వెళ్లడం సాధ్యమయ్యే పని కాదు. కనుక రైతు కుటుంబాలు ఇంటి పక్కనే మట్టితోనో ఇటుకలతోనో, రాళ్లతోనో పొయ్యి కట్టుకున్నాయి. లీజ్ బోయిలీ, జాఁ ఫ్రాంస్వా బ్లాంషెట్ అనే పరిశోధకులు ఈ పొయ్యిల కొలతలను, వాటిని కట్టిన పద్ధతులను సేకరించి ఒక గ్రంథంగా ప్రకటించారు. ఇరవయ్యవ శతాబ్దం చివరలో అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థిరపడిన ఆస్ట్రేలియా కమ్మరి ఆలన్ స్కాట్ ఇటుక పొయ్యిలను కడుతూ, ఇతరులకు నేర్పుతూ ఈ విద్యకు మళ్లీ ప్రాణం పోశాడు. 1999లో డానియల్ వింగ్‌తో కలిసి ఆయన రచించిన పుస్తకం ఎందరికో మార్గదర్శకమైంది. ఒకనాడు జమీందారు చేతిలో ఉన్న పొయ్యి ఈ విధంగా సామాన్యుని పెరటిలోకి చేరింది.

ఇటుక చేసే వంట

సాధారణంగా ఇళ్లలో వాడే విద్యుత్ ఓవెన్ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వరకు మాత్రమే వేడెక్కుతుంది. అందులో పిజ్జా కాలడానికి పది నిమిషాలు, అంతకు పైగా పడుతుంది. అంతసేపటిలో పిండిలోని తేమ ఆవిరై రొట్టె గట్టిపడుతుంది. నేపుల్స్ పద్ధతి పిజ్జాకు ఐరోపా సమాఖ్య 2010లో నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం పొయ్యి నేల సుమారు 485 డిగ్రీలు, గుమ్మటం సుమారు 430 డిగ్రీల వేడిలో ఉండాలి. పిజ్జా 60 నుండి 90 సెకన్లలో కాలాలి. ఇంత తక్కువ సమయంలో కాలడం వల్ల అంచులు పొంగి, పైన అక్కడక్కడ నల్లని మచ్చలు పడి, లోపల మెత్తగా ఉంటుంది.

ఈ వంటలో వేడి మూడు మార్గాలలో ప్రయాణిస్తుంది. నేల ఇటుక నుండి పిండి అడుగుకు వేడి నేరుగా పాకుతుంది. ఇది ఉష్ణవహనం. పొయ్యిలో తిరిగే వేడిగాలి పిజ్జాను తాకుతుంది. ఇది ఉష్ణసంవహనం. కాగిన గుమ్మటం నుండి, మంట నుండి కిరణాల రూపంలో వేడి పిజ్జాపై పడుతుంది. ఇది ఉష్ణవికిరణం. వస్తువు వెలువరించే వికిరణం దాని పరమ ఉష్ణోగ్రత నాల్గవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందని భౌతికశాస్త్రంలో చదువుకుంటాం. ఈ లెక్క ప్రకారం 250 డిగ్రీల గోడ కంటే 430 డిగ్రీల గోడ మూడు రెట్లకు పైగా వికిరణాన్ని వెలువరిస్తుంది. ఇటుక పొయ్యి వేగానికి ఇది ముఖ్య కారణం.

మరి 485 డిగ్రీల నేలపై పెట్టిన పిండి క్షణాలలో మాడిపోదా అనే సందేహం సహజం. అంతే వేడి గల ఇనుపరేకుపై పెడితే నిజంగానే మాడిపోతుంది. ఇనుము తనలోని వేడిని వేగంగా పైకి పంపుతుంది. ఇటుక తనలోని వేడిని నిదానంగా విడుదల చేస్తుంది. నేపుల్స్‌లో ఈ కారణంగానే పొయ్యి నేలకు సొరెంటో ప్రాంతపు మట్టితో చేసిన పెంకులను వాడతారు. అవి మామూలు ఇటుక కంటే కూడా నెమ్మదిగా వేడిని వదులుతాయి. ఎక్కువ వేడిని పట్టి ఉంచడం, దానిని తొందరపడకుండా ఇవ్వడం అనే రెండు గుణాల కలయిక వల్లనే ఇటుక వంటకు పనికివచ్చింది. పొయ్యి నిర్మాణంలోని ప్రతి అంశమూ ఈ రెండు గుణాలను కాపాడడానికి ఉద్దేశించినదే.

పునాది, అరుగు

పొయ్యికి స్థలం ఎంచుకునేటప్పుడు ఇంటికి, చెట్లకు, గడ్డివాములకు, పొరుగువారి కిటికీలకు తగినంత దూరం ఉండేలా చూడాలి. గాలి ఎక్కువగా ఏ దిక్కు నుండి వీస్తుందో గమనించి ద్వారం దానికి ఎదురు కాకుండా అమర్చాలి. లోపలి వ్యాసం 107 సెంటీమీటర్లు, అనగా 42 అంగుళాలు ఉన్న గుమ్మటానికి ఇటుకల బరువే సుమారు అర టన్ను ఉంటుంది. అరుగు, నేల, పూత కలిపితే మొత్తం బరువు ఒక టన్నును మించిపోతుంది. కాబట్టి ఇనుప చువ్వలు వేసిన గట్టి కాంక్రీటు పునాది అవసరం. పునాది ఒకవైపు కుంగితే పైనున్న గుమ్మటం చీలుతుంది.

పునాదిపై నడుము ఎత్తున అరుగు కడతారు. వంగకుండా నిలబడి పని చేసుకోవడానికి ఈ ఎత్తు అనుకూలం. అరుగు కింది ఖాళీని కట్టెలు ఆరబెట్టుకోవడానికి వాడుకోవచ్చు.

అరుగుపై నేరుగా ఇటుకలు పరిస్తే వేడి అంతా కింది కాంక్రీటులోకి దిగిపోతుంది. కొత్తగా కట్టేవారు చేసే పెద్ద పొరపాటు ఇదే. అటువంటి పొయ్యిలో మొదటి పిజ్జా బాగానే వస్తుంది. మూడవదానికి పైభాగం మాడుతుంది, అడుగు పచ్చిగా ఉంటుంది. ఎన్ని కట్టెలు వేసినా నేల కాగదు. దీనిని నివారించడానికి అరుగుకు, నేలకు మధ్య వేడిని అడ్డుకునే పొర వేయాలి. వెర్మిక్యులైట్ ఐదు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి సుమారు 10 సెంటీమీటర్ల మందాన పోయడం ఒక పద్ధతి. వెర్మిక్యులైట్ అభ్రకాన్ని పోలిన ఖనిజం. మన నెల్లూరు జిల్లా అభ్రకపు నేలలలో కూడా ఇది లభిస్తుంది. బాగా వేడి చేసినప్పుడు దీని పొరలు విచ్చుకుని పేలాల వలె పొంగుతాయి. ఆ పొరల మధ్య చిక్కిన గాలి వేడిని కిందికి పోనీయదు.

నేల, సున్నపు అడుసు

నేలకు, గుమ్మటానికి వాడేవి మామూలు గోడ ఇటుకలు కావు. అధిక వేడిని తట్టుకునే ప్రత్యేకమైన మట్టితో చేసి, హెచ్చు ఉష్ణోగ్రతలో కాల్చిన ఫైర్ బ్రిక్కులు కావాలి. మామూలు ఎర్ర ఇటుకలతో కట్టిన పొయ్యిలు పూర్వం ఎన్నో ఉండేవి, నేటికీ ఉన్నాయి. అయితే మాటిమాటికి కాగి చల్లారడం వల్ల వాటి ముఖాలు పెళ్లలుగా రాలుతాయి. ఆ పెళ్లలు ఆహారంలో పడే ప్రమాదం ఉంది.

నేల ఇటుకలను సన్నని ఇసుక, ఫైర్ క్లే మట్టి కలిపిన పలుచని పొరపై అడుసు లేకుండా ఒకదానికొకటి ఆనించి పరుస్తారు. వేడికి ఇటుక వ్యాకోచిస్తుంది. అడుసుతో బిగించకపోతే అది కదలడానికి కొంత చోటు దొరుకుతుంది. ఏదైనా ఇటుక పగిలితే దానిని ఒక్కదానినే తీసి మార్చవచ్చు. ఇటుకలను తిన్నని వరుసలలో కాకుండా చేపముల్లు ఆకారంలో ఏటవాలుగా పేర్చడం వాడుక. అలా పేర్చితే పిజ్జాను తోసే తెడ్డు అంచు కీళ్లలో తట్టుకోదు.

గుమ్మటానికి వాడే అడుసులో కేవలం సిమెంటు, ఇసుక ఉంటే సరిపోదు. గట్టిపడిన సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడ్ 400 డిగ్రీలు దాటిన తరువాత తనలోని నీటిని కోల్పోయి పొడి సున్నంగా మారుతుంది. చల్లారిన తరువాత అది గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. ఇలా కొన్నిసార్లు జరిగేసరికి కీళ్లు పొడిపొడిగా రాలిపోతాయి. అందుచేత ఇసుక మూడు పాళ్లు, సిమెంటు, సున్నం, ఫైర్ క్లే మట్టి ఒక్కొక్క పాలు కలిపి వాడతారు. వేడి పెరిగి సిమెంటు బలం తగ్గినప్పుడు మట్టి ఆ భారాన్ని తీసుకుంటుంది. ఇటుకలను ముందుగా నీటిలో తడపాలి. లేకపోతే పొడి ఇటుక అడుసులోని తడిని పీల్చివేసి అతుకును బలహీనపరుస్తుంది.

గుమ్మటం

నిర్మాణంలో నైపుణ్యం ఎక్కువగా కావలసినది ఇక్కడే. నేల మధ్యలో ఒక మొలకు కడ్డీని బిగిస్తారు. ఆ కడ్డీ నలువైపులా, పైకి కిందికి తిరుగుతుంది. దాని కొస ఎక్కడికి చేరితే అక్కడ ఇటుక లోపలి ముఖం ఉండాలి. చదువు లేని మేస్త్రీ కూడా ఈ ఒక్క కడ్డీతో చక్కని అర్ధగోళాన్ని కట్టగలడు. ఇటుకలను సగానికి కోసి వరుసలుగా పేరుస్తారు. పైకి పోయేకొద్దీ వరుస చుట్టుకొలత తగ్గుతుంది, ఇటుక లోపలికి వాలుతుంది.

వాలిన ఇటుక ఎందుకు పడిపోదు? ఒక్క ఇటుక అయితే పడిపోతుంది. వరుస పూర్తయి వలయంగా మూసుకున్నప్పుడు మాత్రం ప్రతి ఇటుకా తన ఇరుపక్కల ఇటుకలను నొక్కుతూ, వాటి మధ్య తాను బిగిసి నిలుస్తుంది. ఏదీ లోపలికి జారడానికి చోటు ఉండదు. అందువల్ల వరుస ముగిసేవరకే ఆసరా అవసరం. పై వరుసలకు ఆసరాగా తడి ఇసుకను గుట్టగా పోసి ఆకారం తీర్చి, దానిపై ఇటుకలు పేర్చి, గట్టిపడిన తరువాత ద్వారం గుండా ఇసుకను తోడివేస్తారు. 1420 నుండి 1436 వరకు ఫ్లారెన్సు నగరంలో బ్రునెల్లెస్కీ నిర్మించిన మహా దేవాలయ గుమ్మటానికి కూడా ఇదే సూత్రం ఆధారం. నేల నుండి లేపిన కొయ్య చట్రం లేకుండానే ఆయన దానిని ఇటుకలతో మూయగలిగాడు.

గుమ్మటం తన బరువును కిందికే కాక పక్కలకు కూడా నెడుతుంది. కనుక అడుగు వరుస బయటకు జరగకుండా దాని చుట్టూ గట్టి కట్టు ఉండాలి. ఇటుకలను కోసేటప్పుడు లేచే దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేటు చేసి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. నీరు పోస్తూ కోయడం, ముక్కుకు, నోటికి తగిన ముసుగు ధరించడం తప్పనిసరి.

ద్వారం, పొగగొట్టం

ఈ పొయ్యికి ఉన్నది ఒకే నోరు. గాలి లోపలికి రావడానికి, పొగ బయటకు పోవడానికి అదే దారి. చల్లని గాలి బరువుగా ఉంటుంది కనుక ద్వారం కింది భాగం నుండి ప్రవేశించి మంటను చేరుతుంది. వేడెక్కిన పొగ పైకి లేచి, గుమ్మటం వంపును అనుసరించి ముందుకు వచ్చి, ద్వారం పై భాగం నుండి వెలుపలికి పోతుంది. ఈ ప్రవాహం సరిగా సాగాలంటే ద్వారం ఎత్తు, గుమ్మటం ఎత్తు మధ్య పొందిక ఉండాలి. క్యుబెక్ పొయ్యిలను కొలిచినప్పుడు ద్వారం ఎత్తు గుమ్మటం లోపలి ఎత్తులో సగటున 63 శాతం ఉన్నట్లు తేలింది. ఆ రైతులకు శాతాలు తెలియవు. తరతరాల అనుభవమే వారిని ఆ కొలతకు చేర్చింది. దీని ప్రకారం 53 సెంటీమీటర్ల ఎత్తున్న గుమ్మటానికి ద్వారం సుమారు 33 సెంటీమీటర్లు ఉండాలి. ద్వారం అంతకంటే బాగా ఎత్తయితే వేడి తప్పించుకుపోతుంది. బాగా పొట్టిదైతే గాలి అందక మంట పొగలు కక్కుతుంది. నేపుల్స్ పొయ్యిలలో పిజ్జాలు మాత్రమే కాలుస్తారు కనుక గుమ్మటం, ద్వారం రెండూ ఇంకా పొట్టిగా ఉంటాయి.

పొగగొట్టాన్ని గుమ్మటం నడినెత్తిన పెట్టడం చాలామందికి తోచే ఆలోచన. అది సరికాదు. అలా పెడితే వేడి గోడలను తాకకముందే నేరుగా ఆకాశానికి పోతుంది. ద్వారానికి వెలుపల, దానికి సరిగ్గా పైన పొగగొట్టం ఉండాలి. అప్పుడు వేడిగాలి గుమ్మటాన్ని ఆసాంతం తడిమిన తరువాతే బయటకు వెళ్తుంది.

గుమ్మటం పూర్తయిన తరువాత దానిపై వేడిని ఆపే సిరామిక్ ఉన్ని దుప్పటిని గాని, వెర్మిక్యులైట్ మిశ్రమాన్ని గాని కప్పుతారు. ఆ ఉన్ని పోగులు ఊపిరిలోకి పోరాదు కనుక దానితో పని చేసేటప్పుడు కూడా ముసుగు, చేతితొడుగులు ధరించాలి. దానిపై వాన నీరు చొరకుండా గారపూత పూస్తారు. లోపల 400 డిగ్రీలు ఉన్నప్పుడు బయటి పూతపై చేయి వేయగలిగితే ఈ పొర బాగా పనిచేస్తున్నట్లు లెక్క.

ఆరబెట్టడం

పొయ్యి చూడడానికి పూర్తయింది. కట్టినవారికి ఆనాడే మంట వేయాలని ఉంటుంది. ఎన్నో పొయ్యిలు చెడేది ఆనాడే. కొత్త కట్టడంలో అడుసులోను, ఇటుకలలోను, పూతలోను ఎన్నో లీటర్ల నీరు దాగి ఉంటుంది. నీరు ఆవిరిగా మారినప్పుడు దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. పెద్ద మంట వేస్తే లోపల పుట్టిన ఆవిరి బయటకు పోయే దారి లేక ఇటుకను చీలుస్తుంది. వారాల శ్రమ ఒక్క సాయంత్రంలో వ్యర్థమవుతుంది.

అందువల్ల కనీసం ఒక వారం పొయ్యిని నీడలో ఆరనివ్వాలి. తరువాత చిన్న మంటలు మొదలుపెట్టాలి. మొదటి రోజు లోపలి వేడి 150 డిగ్రీలు దాటకుండా కొన్ని గంటలు నిలపాలి. రోజుకు 30, 40 డిగ్రీల చొప్పున పెంచుతూ పోవాలి. పూత పైన తడి మచ్చలు కనిపించడం, ద్వారం నుండి ఆవిరి రావడం ఆగిన తరువాతే పూర్తి మంట వేయాలి. మన కుమ్మరులకు ఈ సంగతి కొత్త కాదు. ఆవములో కుండలు పేర్చిన కుమ్మరి మొదట సన్నని సెగ మాత్రమే పెడతాడు. పచ్చికుండలోని తేమ పోయిన తరువాతే మంట పెంచుతాడు. తొందరపడితే కుండ పగులుతుందని అతనికి తెలుసు. సన్నని వెంట్రుక పగుళ్లు ఎంత జాగ్రత్తపడినా కొన్ని వస్తాయి. వాటివల్ల హాని లేదు. వేడికి ఊపిరి తీసుకునే కట్టడానికి అవి సహజం.

కాగిన పొయ్యి, చల్లారే పొయ్యి

వంటకు ముందు బాగా ఎండిన కట్టెలతో గంటన్నర, రెండు గంటలు మంట వేస్తారు. మొదట గుమ్మటం మసి పట్టి నల్లగా మారుతుంది. వేడి పెరిగేకొద్దీ మసి కాలిపోయి ఇటుకలు తిరిగి తెల్లబడతాయి. ఉష్ణమాపకం లేని రోజులలో పొయ్యి కాగిందని తెలిపే గుర్తు ఇదే. అప్పుడు నిప్పులను ఒక పక్కకు జరిపి, నేలను శుభ్రం చేసి, పిజ్జాను తెడ్డుతో లోపలికి జారవిడుస్తారు. మంటకు దగ్గరగా ఉన్న వైపు త్వరగా కాలుతుంది కనుక మధ్యలో తిప్పుతుండాలి. నేపుల్స్‌లో ఈ పని చేసేవారిని పిజ్జాయువోలో అంటారు. వారి కళను యునెస్కో 2017లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

పిజ్జాలు ముగిసినంత మాత్రాన పొయ్యి పని ముగియదు. నిప్పులు తీసివేసి, ద్వారానికి మూత పెడితే దాచుకున్న వేడి నెమ్మదిగా దిగుతుంది. 250 డిగ్రీల వద్ద రొట్టెలు, ఇంకా తగ్గిన తరువాత కూరగాయలు, ఆ రాత్రంతా చిక్కుడు గింజలు, మరునాడు ఉదయానికి ఎండబెట్టుకునే పండ్ల ముక్కలు ఇలా ఒక్క మంటతో వరుసగా పనులు జరుగుతాయి. కట్టెల బట్టీలతో పనిచేసే బేకరీలలో కూడా ఏది ముందు, ఏది తరువాత లోపలికి పోవాలో నిర్ణయించేది చల్లారే ఈ వేడే. గోడలు ఎంత మందంగా ఉంటే వేడి అంత ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే అంత ఎక్కువ కట్టెలు, సమయం కావాలి. వారానికి ఒకనాడు కొద్దిమందికి వండుకునే కుటుంబానికి సగం ఇటుక మందం చాలు. రోజూ వందల రొట్టెలు కాల్చే బేకరీకి మందపు గోడలు మేలు. ఎవరి అవసరం ఎంతో తెలుసుకుని కట్టుకోవడంలోనే వివేకం ఉంది.

పొగ, బాధ్యత

కట్టెల పొయ్యి ఆకర్షణలో పడి దాని పొగను మరువరాదు. తడి కట్టె మండినప్పుడు వెలువడే సూక్ష్మ ధూళికణాలు ఆరోగ్యానికి హానికరం. నేపుల్స్ సమీపంలోని సాన్ వితలియానో అనే పట్టణంలో 2015 డిసెంబరులో గాలి కాలుష్యం మితిమీరడంతో, వడపోత యంత్రం లేని కట్టెల పొయ్యిలను వాడరాదని నగరాధిపతి ఆదేశించవలసి వచ్చింది. పిజ్జా పుట్టినింటిలోనే ఆ నిషేధం తప్పలేదు. నెలల తరబడి ఎండిన కట్టెలే వాడడం, రంగులు పూసిన చెక్కలు, చెత్త కాల్చకపోవడం, మూసిన గదులలో మంట వేయకపోవడం పొయ్యి ఉన్నవారి కనీస బాధ్యత. మూసిన గదిలో పోగయ్యే కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం. వాసన లేని ఆ వాయువు తన రాకను తెలియనివ్వదు.

ముగింపు

పిజ్జా తొంభై సెకన్లలో కాలుతుంది. ఆ తొంభై సెకన్ల వెనుక రెండు గంటల మంట ఉంది. ఆ మంటను దాచుకోగల ఇటుకల వెనుక వారాల నిర్మాణం, దినదినం పెంచిన సన్నని సెగ ఉన్నాయి. పునాదిలో, కింది పొరలో, ఆరబెట్టడంలో మిగుల్చుకున్న సమయాన్ని పొయ్యి తరువాత పగుళ్ల రూపంలో వడ్డీతో సహా వసూలు చేస్తుంది. శ్రద్ధగా కట్టిన పొయ్యి ఆ ఇంటి పిల్లల తరం వరకు నిలుస్తుంది. ఒకనాడు రైతు మరొకరి పొయ్యి ముందు రుసుము చేత పట్టుకుని నిలబడ్డాడు. నేడు తన పెరటిలో తన చేతులతో కట్టుకున్న పొయ్యి చుట్టూ ఇంటివారిని, ఇరుగుపొరుగువారిని కూర్చోబెట్టుకోగలుగుతున్నాడు. ఇటుక దాచుకున్న వేడి అందరికీ పంచడానికే.

పదజాలం

వశం చేసుకొను : లోబరచుకొను
గుమ్మటం : అర్ధగోళాకారపు పైకప్పు
రుసుము : చెల్లించవలసిన సొమ్ము
కప్పం : పై అధికారికి చెల్లించే పన్ను
అనులోమానుపాతం : ఒకటి పెరిగితే మరొకటి కూడా పెరిగే సంబంధం
అభ్రకం : కాకిబంగారం
వ్యాకోచించు : విస్తరించు, పెరుగు
అడుసు : కట్టుబడికి వాడే తడి మిశ్రమం
గారపూత : సున్నపు పూత
ఆవము : కుండలు కాల్చే బట్టీ
అమూర్త : ఆకారం లేని

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.

1. ఇటుక పొయ్యిలో వేడి ప్రయాణించే మూడు మార్గాలను, అందులో పిజ్జా త్వరగా కాలడానికి గల కారణాలను వివరించండి.
2. పునాది నుండి పైపూత వరకు ఇటుక పొయ్యి నిర్మాణ దశలను వ్యాసకర్త ఎలా వివరించాడు?

II. కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.

1. మధ్యయుగాలలో ఫ్రాన్సు రైతులు రొట్టెలు కాల్చుకోవడానికి ఎదుర్కొన్న ఇబ్బంది ఏమిటి?
2. గుమ్మటంలోని వాలిన ఇటుకలు పడిపోకుండా ఎలా నిలుస్తాయి?
3. పొగగొట్టాన్ని గుమ్మటం నడినెత్తిన ఎందుకు పెట్టరాదు?
4. కుమ్మరి ఆవముకు, కొత్త పొయ్యిని ఆరబెట్టడానికి గల పోలిక ఏమిటి?

III. కింది ప్రశ్నలకు ఏకపద, వాక్య సమాధానాలు రాయండి.

1. పోంపేయి పొయ్యిలో దొరికిన రొట్టెలు ఎన్ని?
2. క్యుబెక్ పొయ్యిలలో ద్వారం ఎత్తు గుమ్మటం ఎత్తులో ఎంత శాతం?
3. పొయ్యి కాగిందని తెలిపే గుర్తు ఏది?
4. పిజ్జాయువోలో కళను యునెస్కో ఏ సంవత్సరంలో గుర్తించింది?